గర్భిణి మింగే మాత్ర వెనుక భీమవరం డాక్టరు

ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్ర మింగే తల్లులలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం తెల్ల ప్రొఫెసరుకు గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాలో చనిపోయారు. ఈ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి శుష్కించిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావుకూ అదే సోకింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. 1923లో మామగారి సాయంతో, భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు.

ఇక్కడ బొంబాయి సంగతి ఒకటి చెప్పాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడికి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా పాలిపోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. లోపం వాళ్ల తిండిలో ఉందని ఆమె గ్రహించారు. ఈస్టు సారం తినిపిస్తే కోలుకున్నారు. అయితే అందులో పనిచేసే పదార్థం ఏమిటో ఆమెకు చిక్కలేదు. 1941లో పాలకూర నుంచి తీసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ఆకుల నుంచి, కాలేయం నుంచి వచ్చేది చిటికెడు. అది ఎంతమందికి సరిపోతుంది? 1940లో లేడర్లే కంపెనీలో చేరిన సుబ్బారావు బృందం 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూకూ ఆ మందే పనిచేసింది. మన గోదావరి జిల్లాలకు బాగా ఎరుకైన బోదకాలు మందు కూడా ఆ బృందానిదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు.

1970లో మన ప్రభుత్వం గర్భిణులకు, పిల్లలకు ఈ మాత్రల పథకం మొదలుపెట్టింది. అయినా 2019-21 సర్వేలో దేశంలోని 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి, ఐదేళ్లలోపు పిల్లలలో 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లకు రక్తం ఎక్కడ పడుతుంది? పైగా మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, మలం నల్లగా వస్తోందని భయపడి మధ్యలో మానేస్తారు. నలుపు ఇనుము వల్ల వచ్చేదే, దానితో హాని లేదు. ఆ మాట డాక్టరు, నర్సు మొదటి రోజే చెప్పి పంపితే 180 రోజుల మాత్రలూ పూర్తవుతాయి.