తప్పు ఒప్పుకొనుట, ఒప్పుకొనకుండుట

చదువవలసిన భాగములు: సామెతలు 28:13, యోబు 27:5, 6

ప్రియులారా, చేసిన తప్పును ఒప్పుకొనుట కష్టము. తప్పు కానిదానిని తప్పని ఒప్పుకొనకుండుట కొన్నిసార్లు అంతకంటె కష్టము. ఈ రెండును చేసిన ఒక మనుష్యుని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

సర్ జాన్ ఇలియట్ 1592లో ఇంగ్లండు పడమటి కొననున్న కార్న్‌వాల్ సీమలో భూస్వామి యింట జన్మించెను. యౌవనమందు ఆయన కోపిష్ఠి. ఒకసారి ఆగ్రహము పట్టజాలక, మాయిల్ అను పొరుగు పెద్దమనిషిని గాయపరచెను. పిమ్మట తాను గొప్ప అన్యాయము చేసితినని వ్రాసి యిచ్చి, క్షమాపణ వేడుకొనెను.

1614లో ఆయన పార్లమెంటు సభ్యుడాయెను. మొదటి చార్లెస్ రాజు సభ సమ్మతి లేకుండ ప్రజలయొద్ద బలవంతపు అప్పు వసూలు చేయగా, ఇలియట్ ఇయ్యనందున 1627లో చెరసాల పాలాయెను. 1628లో ప్రజల హక్కుల విన్నపము కొరకు సభలో గట్టిగా పాటుపడెను. ఆ యేడే భార్య మరణించెను, పిల్లలు తల్లిలేనివారైరి.

1629 మార్చి 2న రాజాజ్ఞచొప్పున స్పీకరు సభను వాయిదా వేయబోగా, కొందరు సభ్యులు ఆయనను కుర్చీలోనే పట్టియుంచిరి. సభ ఒప్పని సుంకములకు విరోధముగా తీర్మానములు జరిగెను. ఇందుకు నాయకుడైన ఇలియట్‌ను రాజు లండన్ టవరు కోటలో వేయించెను. పార్లమెంటులో పలికినదానికి పార్లమెంటులోనే జవాబు చెప్పుదును గాని న్యాయస్థానములో చెప్పనని ఆయన నిలిచెను. 1630లో 2,000 పౌండ్ల జుల్మానా విధించిరి. తప్పు ఒప్పుకొని లోబడువరకు విడుదల లేదనిరి.

చెరలో క్షయరోగము ముదిరెను. గాలి మార్పు కొరకు రాజునకు విన్నపము పంపుకొనెను. రాజునకు అయిష్టము కలిగించినందుకు విచారము తెలిపెను గాని, నేరము చేసితినని మాత్రము వ్రాయలేదు. ఆ వినయము చాలదని రాజు త్రోసివేసెను. 1632 నవంబరు 27న, 40 ఏండ్ల ప్రాయమందు, ఆయన చెరలోనే మరణించెను. కుమారుడు శవమును స్వగ్రామమునకు కొనిపోవ ననుమతి కోరగా రాజు నిరాకరించెను. కోటలోని దేవాలయమందే పాతిపెట్టిరి. 36 ఏండ్లకు, 1668లో, ప్రభువుల సభ ఆ తీర్పును కొట్టివేసెను.

ప్రియులారా, పొరుగువానియెదుట తగ్గినవాడే రాజునెదుట తగ్గలేదు. ఇది గర్వము కాదని మేము తలంచుచున్నాము. గర్విష్ఠుడు మాయిల్‌కు అట్టి పత్రము వ్రాసి యియ్యడు. యోబును చూడుడి. స్నేహితులు మోపిన నేరమును ఒప్పుకొనని ఆయనే, దేవుని యెదుట ధూళిలో పశ్చాత్తాపపడెను.

గట్టు తగాదాలో నోరు జారితిమా? నేడే ఆ గడపకు వెళ్లి ఒప్పుకొందము. పెద్దవారి భయముచేత అబద్ధమునకు వ్రేలిముద్ర వేయుమందురా? వేయకుందము. ఈ రెంటికిని వలసిన ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.