గెలీలియో చిక్కుముడి

1564లో పీసాలో జన్మించిన గెలీలియో, 1610లో దూరదర్శినితో శనిగ్రహమును చూచి విస్మయమొందినాడు. ఒక్క గ్రహము మూడు బింబాలై కనిపించినది! వెంటనే చాటితే పొరపాటు కావచ్చును. మౌనము వహిస్తే కీర్తి అన్యులపాలగును. అందుచేత ఆ సంగతి తెలిపే లాటిను వాక్యములోని 37 అక్షరాలను కలగాపులగము చేసి కెప్లరుకు అందునట్లు ప్రాగ్ నగరమునకు పంపినాడు.

నేడు మొబైల్ ఫోను ఒక మాటను గణించి, మాటను దాచి ‘హాష్’ అను గుర్తును మాత్రమే చూపుతున్నది. ఉద్దేశము ఇంచుమించు అదే. అయితే మంచి హాష్‌కు సరిపడు మరొక మాటను వెదకి పట్టుట దుస్సాధ్యము. పాపము, కెప్లరు ఆ అక్షరాలనుండి కుజునికి ఇద్దరు చంద్రులన్న వేరొక వాక్యమునే అల్లినాడు! (ఆ చంద్రులు నిజముగానే 1877లో కనబడినారు.) నవంబరులో గెలీలియో ముడి విప్పినాడు.

ఆ పక్క బింబాలు వలయమని హైగెన్సు 1659లో ప్రకటించినాడు. 1633 నాటి తీర్పుతో నిర్బంధములో గడిపి, చూపు కోల్పోయి, 1642లో కన్నుమూసిన గెలీలియో దానిని ఎరుగడు.