విన్న పిల్లలకు అర్థమయ్యే పుస్తకం కోసం గిడుగు పోరు

నౌపడ: ఇంట్లో పెద్దలు పుస్తకం చదివి వినిపిస్తే చిన్నపిల్లలకు ఇట్టే అర్థమవుతోందంటే, దాని వెనుక గిడుగు వెంకట రామమూర్తి కృషి ఎంతో ఉంది.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. నౌపడ నుంచి ఆ ఊరికి చిన్న రైలు 1900లో పడింది.

తమ భాషలో పుస్తకాలు లేక కొండల్లోని సవరల పిల్లలు చదువుకు దూరమయ్యారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని రామమూర్తి ఆ భాష నేర్చుకున్నారు. అందులో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో బడులు నడిపారు.

తెలుగు పిల్లల కష్టమూ అటువంటిదే. ఇంట్లో మాట ఒకటి, పుస్తకంలో గ్రాంథికం మరొకటి. తల్లి చదివినా మళ్లీ విడమరచి చెప్పాల్సిందే. బడి పుస్తకాలు వాడుక భాషలో ఉండాలని ఆయన పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. 1919లో ‘తెలుగు’ పత్రిక స్థాపించారు. కుమారుడు సీతాపతి పిల్లలకు పాటలు రాశారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలియడంతో ఆయన రాజమండ్రి తరలిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో వాడుక భాష స్థిరపడింది ఆయన పోయాకే.

ఆయన జన్మదినమే తెలుగు భాషా దినోత్సవం. ఆనాడు సభలతో సరిపెట్టక, ప్రతి ఇంటా పిల్లలకు ఒక కథ చదివి వినిపించడమే ఆయనకు తగిన నివాళి.