ఒంగోలు క్లౌ దొరగారు: కరవునాటి పదునైదు మాసములు

మిషను పాఠశాలలలో చదువుకొనిన తెలుగువారిలో క్లౌ దొరగారి పేరు విననివారు అరుదు. పెద్దలు ఆయనను గూర్చి చెప్పునప్పుడు తరచుగా ఒక్క సంఖ్యను చెప్పి ముగింతురు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియందు ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని చెప్పుదురు. ఆ సంఖ్య నిజమైనదే. కాని ఆ దినములకు ముందు పదునైదు మాసములపాటు దొరగారు తమ యొద్దకు వచ్చి వేడుకొనినవారి కెవ్వరికిని బాప్తిస్మ మియ్యక నిలిపియుంచిరను సంగతి చెప్పువారు తక్కువ. మేమీ వ్యాసమున ముఖ్యముగా ఆ పదునైదు మాసములను గూర్చియే వ్రాయ దలచితిమి.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఫ్రూస్‌బర్గు గ్రామ సమీపమున జన్మించిరి. బాల్యమునందే వారి కుటుంబము పడమటి రాష్ట్రములకు వలసపోయెను. యౌవనమున వీరు మినెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వేయర్ల వెంట గొలుసు మోయుచు, క్రమముగా ఆ విద్యను తామే నేర్చుకొనిరి. ఈ గొలుసు సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. అది మరల మన కథలోనికి వచ్చును. న్యాయవాది కావలెనని వారి కోరిక. భక్తి విషయములయం దప్పు డంత ఆసక్తి లేదు. అయోవా రాష్ట్రములోని బర్లింగ్టను పట్టణమున చదువుకొనుచుండగా 1858లో వారి హృదయము మారెను.

ఆ కాలమున నెల్లూరి తెలుగు మిషను మిక్కిలి దీనస్థితియం దుండెను. ఏండ్లు గడచినను సంఘమున చేరినవారు కొలదిమందియే. మిషనును మూసివేయుట మేలేమో యని అమెరికాలోని పెద్దలు ఒకటికంటె నెక్కువసార్లు ఆలోచించిరి. అయినను జూయెట్ దొరగారు దానిని విడువనొల్లరైరి. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున వీరును వీరి భార్యయు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో ఒంగోలు ప్రక్కనున్న గుట్ట యెక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. క్లౌ దొరగారు జూయెట్ దొరగారితో కలిసి 1864 నవంబరు 30వ తేదీన బోస్టనులో ఓడయెక్కి, మరుసటి యేట ఏప్రిలులో చెన్నపట్టణము చేరిరి. 1866లో ఒంగోలున కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యు లెనిమిదిమంది మాత్రమే.

మొదటి పరీక్ష త్వరలోనే వచ్చెను. తాళ్లకొండపాడు గ్రామవాసియగు యర్రగుంట్ల పేరయ్యగారు, తోళ్ల వ్యాపారము చేయు మాదిగ కులస్థులు, 1866లోనే భార్యతోగూడ బాప్తిస్మము పొందియుండిరి. ఆయన మాటవలన ఆయన జనులు అనేకులు రాసాగిరి. అదే సమయమున ఒంగోలులోని అగ్రకులములవారు కొందరు క్లౌ దొరగారియెడల స్నేహముగా నుండి, తమ బిడ్డలను బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొనినచో తాము రామని వారు స్పష్టముగా తెలిపిరి. పట్టణములో పలుకుబడిగలవారిని పోగొట్టుకొనుటయా, పల్లెలలోని పేదలను త్రోసివేయుటయా? దొరగారును దొరసానిగారును వేరువేరు గదులలో ప్రార్థించి వేదము తెరవగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమందు లోకమున నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమే కనబడెనని చెప్పుదురు. పేదలకు తలుపు తెరువబడెను. అగ్రకులముల పిల్లలు బడి మానివేసిరి. ఇట్లు ముందుగా దేనిని పట్టుకొనవలెనో దేనిని విడువవలెనో వారు కరవునకు పదియేండ్లకు ముందే నేర్చుకొనిరి.

1876వ సంవత్సరమున వానలు కురియలేదు. తెలుగు సంవత్సరములలో అది ధాత. కావుననే మన తాతముత్తాతలు దానిని ధాత కరవనిరి. మరుసటి యేడును అది తీరలేదు. ఆ రెండు మూడేండ్లలో దక్షిణదేశమున చనిపోయినవారి సంఖ్య ఏబదిలక్షలకు మించునని చరిత్రకారులు లెక్కింతురు. పొలమున్నవాడు పశువుల నమ్ముకొనెను. పొలము లేనివానికి అమ్ముకొన నేమియు లేదు. మాదిగ మాలపల్లెలు మొట్టమొదట పస్తుండెను. దొరతనమువారు కరవుపనులు పెట్టిరి గాని, సర్ రిచర్డు టెంపుల్ గారు 1877 ఆరంభమున కూలిని తగ్గించి, దినమునకు ఒక పౌను ధాన్యము, దానితో ఒక అణా మాత్రమే చాలుననిరి. చెన్నపట్టణపు ఆరోగ్యాధికారియగు కార్నిషు గారు ఆ కూలితో మట్టి మోయువాడు బ్రదుకజాలడని గట్టిగా వాదించిన మీదట, ఆ యేడు కొంత హెచ్చించిరి.

అప్పుడు చెన్నపట్టణమునుండి కృష్ణ కాలువలవరకు పడవలు నడచుటకై సముద్రతీరము వెంబడి బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. గవర్నరు పేరే కాలువకు పెట్టబడెను. మన పేద క్రైస్తవులు ఆ పనికి పోవుటకు జంకిరి. మేస్త్రీలు కొట్టుదురు, తిట్టుదురు, కూలి మిగుల్చుకొందురు. అంటరానివారికి నీళ్లు సహితము దొరకవు. ఇది విని క్లౌ దొరగారు కాలువలో మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించుటకు తామే గుత్తకు తీసికొనిరి. మినెసోటా గొలుసు ఇచ్చట పనికివచ్చెను. కొలతలు వారికి కరతలామలకము. పాకలు వేయించిరి, బావులు త్రవ్వించిరి. సువార్త బోధకులనే మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరి క్రింద నూరుమంది చొప్పున నుంచిరి. క్రైస్తవులు కానివారును గుంపులుగా వచ్చిరి. వారిని పొమ్మన లేదు.

కరవుకాలమున బోధకుడు పారపనివారి నడుమ నిలిచి బుట్టలు లెక్కపెట్టుట తన పిలుపునకు తక్కువ యని యెవరైనను తలంచిరేమో మేమెరుగము. మాకు మాత్రము అదియే వారు చేసిన గొప్ప బోధగా తోచుచున్నది. కూలివాండ్రు అలసి కూర్చుండినప్పుడు మేస్త్రీయే వారి చెంత కూర్చుండి క్రీస్తును గూర్చి మాటలాడుచుండెను. ఎన్నడును బోధకుని ముఖము చూడని దూరపు పల్లెలవారు ఆ మాటలు విని తమ యిండ్లకు తీసికొనిపోయిరి.

వినినవారిలో అనేకులు బాప్తిస్మ మడిగిరి. ఇచ్చటనే కథలోని కష్టమైన భాగమున్నది. దొరగారు ఇయ్యమనిరి. వారి చేతిలో పనియున్నది, కూలియున్నది. లండను మహానగరపు మేయరుగారి నిధినుండి వచ్చిన సాయద్రవ్యమును పంచు బాధ్యతయు కొంత వారిమీద నుండెను. అట్టివాని యొద్ద ఆకలిగొన్నవాడు మోకరించినయెడల, వాడు దేవునికి మోకరించెనో గింజలకు మోకరించెనో యెవరు చెప్పగలరు? వానికే తెలియకపోవచ్చును. కావున అన్నము అందరికిని పెట్టవలెను. అన్నము పెట్టు చెయ్యి బాప్తిస్మ మియ్యరాదు. ఇదియే వారు చేసికొనిన యేర్పాటు.

ఇది సులభమైన తీర్మానము కాదు. అడిగి వెళ్లినవారిలో కొందరు మరల రాలేదు. కరవును దానితో వచ్చిన విషూచియు వారిని తీసికొనిపోయెను. అమెరికాలో ధనమిచ్చువారు సంఖ్యలు కోరుదురు. ఒంగోలునుండి నెలల తరబడి సంఖ్య లేదు. నమ్మినవానిని ఆపుట న్యాయమా యని అడుగువారి ప్రశ్న యిప్పటికిని బరువైనదే. మేము దానిని కొట్టివేయజాలము. అయినను, తిండికై మతము పుచ్చుకొనిరను నింద ఆ పేదలమీద పడకుండ కాపాడినది ఆ నిరాకరణమే గదా. ఆయన కాచినది మిషను గౌరవము మాత్రమే కాదు, తరువాతి తరములవారి గౌరవమును గూడ.

1878 నడుమ కరవు తగ్గుముఖము పట్టెను. కాలువపని ముగిసెను, సాయద్రవ్యము తీరిపోయెను. దొరగారు బోధకులను ఒంగోలుకు ఉత్తరమున పది మైళ్ల దూరమందు గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని కబురంపిరి. బోధకుల వెనుక వేలకొలది జనులు వచ్చిరి. ఇక తమచేత ద్రవ్యము లేదనియు, ఇండ్లకు పొమ్మనియు దొరగారు చెప్పిరి. జనులు కదలలేదు. తాము సాయము కోరి రాలేదనియు, కాయలు కాచిన తమ చేతులే సాక్ష్యమనియు, కరవు మరల వచ్చినను క్రైస్తవులుగానే చత్తుమనియు వారు బదులిచ్చిరి. ఈ మాటతో పదునైదు మాసముల నిరీక్షణకు ఫలము కనబడెను. ఇయ్యుట కేమియు లేని చేతులనుండి వారు కోరినది బాప్తిస్మము మాత్రమే.

అప్పటికిని తొందరపడలేదు. గ్రామము వారీగా జనులను కూర్చుండబెట్టి, ఏ పల్లె బోధకుడు ఆ పల్లెవారిని పరీక్షించెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకు లారుగురు, ఒకేసారి ఇరువురు చొప్పున నీటిలో నిలిచి, మార్చి మార్చి పని చేసిరి. ఒడ్డున గుమస్తాలు ఒక్కొక్కరి పేరు చదువుచుండిరి. మాదిగపల్లెలో అంతవరకు వెట్టికి పిలుచుటకే పలుకబడిన పేర్లు ఆ దినమున వేలమంది యెదుట పిలువబడెను. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారి సంఖ్య 9,606.

ఇంతమంది ఒక్కసారి వచ్చినందున త్వరలోనే తొలగిపోవుదురని సందేహించినవారు ఉండిరి. కాని ఒంగోలు సంఘము తరుగలేదు. పల్లెపల్లెకు బడి పెట్టవలసిన భారమే పెరిగెను. ఆ బడులలో చదివినవారి మనుమలు, మునిమనుమలు ఎందరో అధ్యాపకులైరి, వైద్యులైరి.

క్లౌ దొరగారు 1910 నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరులో చనిపోయిరి. కరవునాడు నెల్లూరు జిల్లాలో నుండిన ఒంగోలు ఇప్పుడు ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణము. బకింగుహాము కాలువలో పూర్వమువలె సరకుల పడవలు నడచుట లేదు. ఒంగోలునుండి కొత్తపట్టణపు సముద్రతీరమునకు పోవువారు నేటికిని ఆ కాలువను దాటియే పోవలెను.