ఒక్క ఏడాది లెక్కలోంచి పుట్టిన బార్ చార్ట్

ఆర్‌లో బార్ చార్ట్ గీయాలంటే మనకి ఒక్క లైను కోడ్ చాలు. దాని వెనకున్న మనిషి కథ చెప్తాను, వినండి.

విలియం ప్లేఫెయిర్ 1759లో స్కాట్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, గణితం బాగా తెలిసిన అన్న జాన్ పెంచాడు. రోజువారీ ఉష్ణోగ్రతల్ని గీతలుగా గీయడం ఆ అన్నే నేర్పాడు. తర్వాత ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర డ్రాయింగులు గీసే పనిలో చేరాడు.

1786లో ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతుల్ని ఏళ్లవారీగా లైన్ గ్రాఫులు గీసి పుస్తకం వేశాడు. స్కాట్లండ్ దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చిపడింది. చేతిలో ఉన్నది ఒక్క ఏడాది డేటానే! ఒక్క చుక్కతో గీత ఎలా గీస్తాం? లేని అంకెల్ని ఆయన కల్పించలేదు. 17 ప్రాంతాలకీ తలా రెండు కమ్మీలు, దిగుమతికొకటి, ఎగుమతికొకటి, పక్కపక్కన పెట్టాడు. అదే బార్ చార్ట్. కాలక్రమం కనబడదని అదంటే ఆయనకే పెద్దగా నచ్చలేదు! 1801లో గుండ్రటి పై చార్ట్ కూడా ఆయనే తెచ్చాడు.

ఇంత చేసినా అప్పులు వదల్లేదు. 1823లో లండన్‌లో పేదవాడిగానే పోయాడు.

డేటాలో ఖాళీ గడులు కనబడినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. మిత్రులారా, గ్రాఫ్ కోసం డేటాని సాగదీయొద్దు. ఉన్న డేటాకి తగ్గ గ్రాఫ్ వెతుకుదాం.