గోదావరి గట్టున కాటన్ దొర

మన బడికి కాలువ గట్ల మీద నడిచి వచ్చిన తరాలవారికి కాటన్ దొర పేరు చెప్పనక్కరలేదు. అయితే గుర్రమెక్కిన విగ్రహమే మన కళ్లకు కడుతుంది తప్ప, తొంభై ఆరేళ్లు బతికిన ఆ మనిషి అంతగా గుర్తుకు రాడు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో, పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడిగా పుట్టారు. పద్దెనిమిదేళ్లకే ఓడెక్కి మద్రాసు చేరారు. తొలినాళ్లలో పాంబన్ జలసంధిలో సర్వే చేశారు, బర్మా యుద్ధంలో పనిచేశారు. తరువాత కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని శ్రద్ధగా చూశారు. ఇసుక మీద రాళ్లు పేర్చి నదిని నిలపవచ్చన్న ధైర్యం ఆయనకు ఆ పాత కట్టడమే ఇచ్చింది. కొల్లడం ఆనకట్టలు 1836లో లేచాయి.

ఒంట్లో బాగుండక సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్లినప్పుడు, 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్మంత్‌ను పెళ్లాడారు. మరుసటేడు కూతురు పుట్టింది. ఆ తరువాత ఆయన వచ్చింది మన జిల్లాకే.

అప్పటి గోదావరి సీమ పరిస్థితి వేరు. 1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఊళ్లను ఖాళీ చేశాయి. పక్కనే మహానది పారుతున్నా చేలు ఎండాయి. కాటన్ నివేదిక రాసి, కుంపిణీ ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ఖండాలుగా, రెండు మైళ్లకు పైగా రాతికట్టు. నడుమ ఆరోగ్యం మళ్లీ చెడి ఆయన దూరమైతే కెప్టెన్ ఓర్ పని నడిపించారు. మన వీణెం వీరన్న గారు కూలీలను కూడగట్టి ఆసరాగా నిలిచారు. 1852కు ఆనకట్ట పూర్తయింది. కుంపిణీకి పన్నుల రాబడి మీద ఆశ ఉన్నమాట నిజమే. కానీ గింజలు ముందు చేరింది రైతు గాదెలోకే.

ఆయనకు 1861లో సర్ బిరుదు వచ్చింది. గౌరవాలతో ఊరుకుని ఉంటే ఆయన జీవితం హాయిగా సాగిపోయేది. రైళ్లకన్నా ముందు కాలువలు తవ్వండి, అవి పంటా ఇస్తాయి, పడవలూ నడుపుతాయి, కరువులో ప్రాణాలూ నిలుపుతాయి అని ఆయన వాదిస్తూనే వచ్చారు. 1878లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, పార్లమెంటు సంఘం ముందు నిలబడి ప్రశ్నల వాన తట్టుకున్నారు. ఆయన మాట నెగ్గలేదు. అయినా మాట మార్చుకోలేదు.

చివరి ఏళ్లు డార్కింగ్‌లో గడిచాయి. అక్కడా ఊరుకోలేదు, నేలను లోతుగా తవ్వి గోధుమ దిగుబడి ఎంత పెరుగుతుందో పరీక్షిస్తూ కూర్చున్నారు. 1899 జూలై 24న కన్నుమూశారు. మరుసటేడు కూతురు, లేడీ హోప్, తండ్రి జీవితచరిత్రను పుస్తకంగా తెచ్చారు. గోదావరినీ కుటుంబాన్నీ ఒకేలా పట్టించుకున్న మనిషికి ఇంటినుంచే దక్కిన తర్పణం అది.

పాత ఆనకట్టకు బదులు 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది. దానికీ ఆయన పేరే పెట్టుకున్నాం. గోదావరిలో స్నానం చేసి ఆయనకు అర్ఘ్యం విడిచేవారు ఇప్పటికీ ఉన్నారు. స్వర్ణోత్సవానికి వచ్చిన మిత్రులు ఒక పూట వీలు చేసుకుని ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి వెళ్లండి. పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్లండి. మనం తిన్న ప్రతి ముద్ద వెనక ఓడిపోయినా వెనక్కి తగ్గని ఒక ముసలాయన ఉన్నాడని వాళ్లకూ తెలియాలి.