రెల్లు కలం గీసిన పల్లె

హాలెండు దేశంలోని లైడెన్ పట్టణంలో 1606లో ఒక గాలిమర యజమాని ఇంట రెంబ్రాంట్ జన్మించాడు. పాతికేళ్ల ప్రాయంలో ఆమ్‌స్టర్‌డామ్ చేరి, ధనికుల రూపచిత్రాలు రచించి కీర్తిధనాలు గడించాడు. ఆ మహాచిత్రాలను గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. ఆయన చిన్న చిన్న కాగితాలపై వడివడిగా గీసిన పల్లె ఇండ్లను గురించి నాలుగు మాటలు చెప్పాలని మా అభిలాష.

'రాత్రి పహరా' చిత్రం పూర్తయిన 1642లోనే భార్య సాస్కియా కన్నుమూసింది. అంతకుముందే ముగ్గురు బిడ్డలు పసికందులుగానే గతించారు. మిగిలినవాడు ఏడాదైనా నిండని టైటస్. ఆ తరువాతి పదేళ్లలో రెంబ్రాంట్ నగరం వెలుపలి నదీతీరాలను, రైతుల ఇండ్లను విరివిగా చిత్రించాడు. ఆయన వాడిన రెల్లు కలం మన ఉర్దూ ఖుష్‌నవీసుల కలం వంటిదే.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ చిత్రశాలలో ఉన్న 'శీతకాల దృశ్యం' జానెడుకు మించదు. కంచెకు కొన్ని గీతలు, ఇంటి కప్పుకు కొన్ని, ఆకులు రాలిన చెట్టుకు మరికొన్ని. మంచును ఆయన గీయనే లేదు. ఖాళీగా విడిచిన కాగితమే మంచయింది. ఎక్కడ ఆగవలెనో తెలిసిన చేతికే ఆ వేగం చెల్లుతుంది. ఆ వేగం వెనుక ఏళ్ల తరబడి సాధన ఉన్నదని మేము గ్రహించాము.

1656లో అప్పులపాలై ఆయన దివాలా తీశాడు. అధికారులు వ్రాసిన ఆస్తుల పట్టికలో, ప్రకృతిని చూచి గీసిన దృశ్యాల పుస్తకం కూడా ఉన్నది. తన కోసం దాచుకొన్న ఆ కాగితాలు సైతం వేలానికి పోయాయి, ఇల్లూ పోయింది. అయినా కలం ఆగలేదు. ఆ కష్టకాలంలోనే మొగలు సూక్ష్మచిత్రాలను ముందుంచుకొని జహంగీరు, షాజహానుల రూపాలను శ్రద్ధగా గీశాడు. ఎన్నడూ చూడని మన దేశపు చిత్రకారుల పనితనానికి ఆయన అర్పించిన గౌరవమది.

1668లో టైటస్ మరణించాడు. మరుసటి ఏడు తండ్రి కూడా వెళ్లిపోయాడు. ఆయన సమాధిపై పేరైనా లేదు. కాని ఆ పేద రైతుల ఇండ్లు నేటికీ నిలిచి ఉన్నాయి.

మా విద్యార్థులు సెలవులకు స్వగ్రామం వెళ్లినపుడు, తమ వీధి చివరి పూరింటిని ఒక్కసారి నిదానించి చూడవలెనని మా కోరిక.